యేసు చనిపోకుండా దేవుడు క్షమించలేడా? కొత్త నిబంధన అంటే అసలేమిటి?

ప్రశ్న అడిగిన తమ్ముడికి వందనాలు. మీరు రాసింది కుదిస్తే మూడు ముక్కలు. అనంతపురంలో మీతో పనిచేసే స్నేహితుడు "మీ దేవుడికి క్షమించాలని ఉంటే ఊరికే క్షమించొచ్చు గదా, కొడుకును చంపించడం ఎందుకు" అన్నాడు, మీకు జవాబు తోచలేదు. ఆ మరణానికీ 'కొత్త నిబంధన'కూ లంకె ఏమిటి, పాత నిబంధన కొట్టేసినట్టేనా అన్నది రెండోది. మూడోది చివర్లో ఒక్క వాక్యంగా రాశారు: మీ అమ్మగారు తాను తగనిదాన్నంటూ ఆరేళ్లుగా ప్రభువు బల్లకు, అంటే యేసు ఆఖరి భోజనానికి జ్ఞాపకంగా సంఘం రొట్టె తిని గిన్నెలోది తాగే ఆరాధనకు, దూరంగా ఉంటున్నారని. నాకైతే ఆ మూడోదే మీ అసలు ప్రశ్న అనిపించింది. దాని దగ్గరికి ఆఖర్న వస్తాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. కడప జిల్లాలో 31 ఏళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాశాను. క్రయపత్రాలు, దానపత్రాలు, భాగపరిష్కారాలు, వీలునామాలు. మా సంఘంలో 24 ఏళ్లుగా కన్ఫర్మేషన్ క్లాసులు, అంటే పిల్లల్ని ప్రభువు బల్లకు సిద్ధం చేసే పాఠాలు, చెప్తున్నాను. మీ స్నేహితుడు అడిగిన ప్రశ్న ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లో పిల్లోడో అడుగుతూనే ఉంటారు. కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే ప్రశ్న కాదని నాకు తెలుసు.

ముందు సూటిగా జవాబు.

దేవుడికి క్షమించడం చేతకాక యేసు చనిపోలేదు. క్షమాపణ ఎప్పుడూ ఎవరికో ఒకరికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు దేవుడు తన మీదే వేసుకున్నాడు. కొత్త నిబంధన అంటే కొత్త రూల్సు కాదు, దేవుడు మనుషులతో కట్టుకున్న బంధం. దానికి ఆయన తన ప్రాణాన్నే పూచీగా పెట్టాడు. పూచీ అంతటిది కాబట్టి ఆ కట్టును ఎవరూ తెంచలేరు.

ఇక వివరంగా.

'ఊరికే క్షమించడం' అన్న మాటనే మొదట పట్టుకుందాం. నా చిన్నప్పుడు మా నాయన ఒకతనికి ప్రోనోటు మీద అప్పిచ్చినాడు. చెనక్కాయ పంట రెండేళ్లు వరసగా ఎండిపోయింది. మూడేళ్లు నిండేలోగా నోటు తిరగరాయించుకోవాలి గదా, అట్ల రెండుసార్లు తిరగరాయించినాడు. మూడోసారి ఆ మనిషి మా అరుగు మీదికి వచ్చి తలెత్తకుండా కూర్చున్నాడు. మా నాయన లోపలికి పోయి నోటు తెచ్చి ఆయన ముందరే చింపినాడు. ఆ మనిషికి అది ఊరికే వచ్చిన క్షమాపణ. మా ఇంట్లో మాత్రం ఊరికే రాలేదు. ఆ ఏడు మా అక్క పెళ్లికి అనుకున్న నగల్లో సగమే చేయించగలిగినాం. మా అమ్మ చాన్నాళ్లు మా నాయనతో సరిగా మాట్లాడలేదు. అప్పు మాయం కాలేదు, అప్పు తీసుకున్న ఇంటి నుంచి ఇచ్చిన ఇంటికి మారింది. అంతే.

డబ్బు సంగతే ఇట్లుంటే, మనిషి మనిషికి చేసే ద్రోహం సంగతి చెప్పనక్కర్లేదు. మిమ్మల్ని నమ్మించి మోసం చేసినవాణ్ణి మీరు నిజంగా క్షమిస్తే, ఆ నొప్పిని వాడికి తిప్పికొట్టకుండా మీరే లోపల మోయాలి. మోయకుండా నోటితో "పోనీలే" అంటే అది క్షమాపణ కాదు, మరుపు. 'దేవుడు ఊరికే క్షమించొచ్చు గదా' అన్నప్పుడు మనం దేవుణ్ణి మనసు లేనివాడిగా, మనం చేసింది ఆయనకు తగలనట్టుగా ఊహించుకుంటున్నాం. బైబిలు దేవుడు అట్లాంటివాడు కాడు. ఆయనకు తగులుతుంది. సిలువ దగ్గర అది ఎంతగా తగిలిందో బయటికి కనిపించింది.

కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14లో పౌలు సరిగ్గా మా వృత్తి మాట వాడాడు. మన మీద రుణంగా ఉన్న 'పత్రము'ను దేవుడు మేకులతో సిలువకు కొట్టాడంటాడు. అక్కడ గ్రీకు మాట ఖైరోగ్రఫాన్, అంటే చేతిరాత పత్రం. అప్పు తీసుకున్నవాడు తన చేత్తో రాసిచ్చే కాగితానికి ఆ రోజుల్లో ఆ పేరుండేది. మన ప్రోనోటు లాంటిదే. ఆ వచనం చదివినప్పుడల్లా నాకు మా అరుగు, చిరిగిన ఆ నోటు గుర్తొస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సిలువ మీద యేసు పలికిన 'సమాప్తమైనది' అనే మాటకు గ్రీకులో 'తెతెలెస్తాయ్' అని ఉంది. చెల్లిన రశీదుల మీద ఆ రోజుల్లో ఇదే మాట రాసేవాళ్లని మన చర్చి ప్రసంగాల్లో తరచూ చెప్తారు. నేనూ పదేళ్లు క్లాసుల్లో అట్లే చెప్పాను. తర్వాత తెలిసింది, ఆ వాదనకు చూపించే పాత రశీదుల ఆధారం గట్టిది కాదని. ఆ మాటకు అర్థం పూర్తయింది, నెరవేరింది అని. చెల్లు సంగతి చెప్పాలంటే కొలొస్సయి పత్రికే చాలు. సత్యం చెప్పడానికి బలహీనమైన సాక్ష్యం తెచ్చుకోకూడదు. రిజిస్ట్రారు ముందు నిలబడినవాడికి ఇది బాగా తెలుసు.

'కొడుకును చంపించాడు' అన్న మాట సంగతి. ఈ తప్పు మీ స్నేహితుడిది కాదు, మనం చెప్పే తీరుది. మీరు కూడా వినే ఉంటారు, రైలు వంతెన కాపలావాడి కథ. రైల్లో జనాన్ని కాపాడటానికి తన పిల్లోణ్ణి యంత్రం చక్రాల్లో నలగనిచ్చాడట. కన్నీళ్లు తెప్పించే కథే గాని, క్లాసులో దాన్ని చెప్పడం మానేయమని నేను ఉపదేశకులను బతిమాలుతుంటాను. ఆ కథలో పిల్లోడికి ఏం జరుగుతుందో తెలీదు, వాణ్ణి అడిగినవాడూ లేడు. యోహాను 10:18లో యేసు చెప్పింది దానికి పూర్తిగా ఎదురు: నా ప్రాణాన్ని ఎవడూ తీసుకోడు, నా అంతట నేనే పెడుతున్నాను అని. పౌలు 2 కొరింథీ 5:19లో దేవుడే క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకుంటున్నాడు అన్నాడు. కోపిష్ఠి తండ్రి ఒకవైపు, జాలిగల కొడుకు ఒకవైపు, మధ్యలో మనం, ఇట్లా మూడు ముక్కలు చేస్తే అది క్రైస్తవ విశ్వాసమే కాదు. సిలువ మీద ఉన్నది దేవుడికి అవతలి మనిషి కాదు. నోటు చింపినవాడే నష్టం మోసినవాడు.

మన పల్లెల్లో పెద్దమ్మ జాతరలో పొట్టేలును ఇచ్చేవాళ్లు మనతో "మీదీ బలి, మాదీ బలి గదా" అంటుంటారు. వాళ్ల నమ్మకాన్ని చిన్నచూపు చూడకుండా తేడా చెప్పొచ్చు. లేవీయకాండం 17:11 చదవండి. రక్తాన్ని ప్రాయశ్చిత్తం కోసం 'నేను మీకిచ్చాను' అంటాడు దేవుడు. మనుషుల నుంచి తనకు కావాలని కాదు, తన నుంచి మనుషులకు. సిలువ దాకా అదే వరస. ఇంకో సంగతి, రక్తం చిందకుండా క్షమాపణ లేదని హెబ్రీ పత్రిక 9:22 అంటుందిగాని, గ్రీకులో అదే వచనం మొదట్లో 'ఇంచుమించుగా' అనే మాట ఉంటుంది. ఎందుకంటే రెండు గువ్వలు కూడా కొనలేని బీదవాడు పాపపరిహారంగా పిండి తెస్తే చాలని లేవీయకాండం 5:11లోనే ఉంది. నెత్తురు మీద దాహంతో ఉన్న దేవుడైతే బీదవాడి దగ్గర పిడికెడు పిండి తీసుకోడు.

ఇక నిబంధన. ఈ మాటతోనే మన తెలుగువాళ్లకు మొదటి చిక్కు. బ్యాంకు కాగితాల మీద, టికెట్ల వెనక 'నిబంధనలు వర్తిస్తాయి' అని చూసి చూసి, నిబంధన అంటే షరతు అని మనసులో పడిపోయింది. కొత్త బ్యాచి పిల్లల్ని అడగండి, పాత నిబంధన అంటే పాత రూల్సు, కొత్తది అంటే కొత్త రూల్సు అంటారు. మాట లోపలే 'బంధన' ఉంది. బంధం, కట్టు.

హెబ్రీ భాషలో ఈ మాట 'బెరీత్'. నిబంధన చేయడానికి వాళ్లు వాడే క్రియ 'కోయడం'. ఎందుకో ఆదికాండం 15లో కనిపిస్తుంది. అబ్రాహాము ఆవుదూడను, మేకను, పొట్టేలును నడిమికి కోసి, ముక్కల్ని ఎదురెదురుగా పెడతాడు. ఆ రోజుల్లో మాట ఇచ్చేవాళ్లు ఆ ముక్కల నడుమ నడిచేవాళ్లు. 'నేను మాట తప్పితే నా గతి ఇదే కావాలి' అని దాని అర్థం. యిర్మీయా 34లో కూడా ఈ ఆచారం కనిపిస్తుంది. మన ఊళ్లలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తారే, బిడ్డ తల మీద చేయి పెట్టి ఒట్టేస్తారే, ఆ జాతి సంగతి.

అయితే ఆ రాత్రి వింత ఒకటి జరిగింది. అబ్రాహాము గాఢనిద్రలో ఉన్నాడు. రాజుతున్న పొయ్యి, మండుతున్న దివిటీ ఆ ముక్కల మధ్య నుంచి పోయాయి. నడిచింది దేవుడొక్కడే. ఇద్దరు చేసుకునే ఒప్పందంలో ఇద్దరూ నడవాలి. ఇక్కడ శాపం తనొక్కడి మీదికే తెచ్చుకున్నాడు. ఈ అధ్యాయం చదువుతున్నప్పుడు నాకు ఎప్పుడూ గొంతు పట్టేస్తుంది. సిలువకు దారి అక్కడే మొదలైందని నా నమ్మకం. ఇది నా ఒక్కడి మాట కాదు, చాలామంది వ్యాఖ్యాతలు ఆ దృశ్యాన్ని అట్లా చదివారు.

తర్వాత నిర్గమకాండం 24. సీనాయి కొండ దగ్గర మోషే రక్తంలో సగం బలిపీఠం మీద, సగం జనం మీద చల్లి 'ఇదిగో నిబంధన రక్తము' అంటాడు. ఒకే రక్తం రెండు వైపులా పడింది, రెండు వైపులూ ఒక కుటుంబం అయ్యాయి. ఆ తర్వాత జరిగినదాన్ని మనం దాటేసి చదువుతాం: పెద్దలు 70 మంది కొండెక్కి దేవుని సన్నిధిలో తిని తాగారు. మన వైపు రెండు ఇళ్ల మధ్య పంచాయితీ తెగినాక, కాగితం మీద సంతకాల కంటే ఒకే బంతిలో కూర్చుని అన్నం తినడాన్నే జనం రాజీ కింద లెక్కపెడతారు. రాతకోతలన్నీ పూర్తయినా బంతిలో కూర్చోలేదంటే రాజీ కాలేదనే. ఇక్కడా అంతే.

ఇశ్రాయేలు ఆ మాట నిలబెట్టుకోలేదు. బబులోను సైన్యం చేతిలో క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలింది. ఆ పతనాన్ని కళ్లారా చూసిన యిర్మీయా ప్రవక్త నోటి నుంచే 'క్రొత్త నిబంధన' అనే మాట పాత నిబంధన గ్రంథంలో ఒకే ఒక్కసారి వస్తుంది, 31:31లో. అది రాతి పలకల మీద కాదు, హృదయాల మీద రాసేది. చిన్నవాడి నుంచి పెద్దవాడి దాకా అందరూ దేవుణ్ణి ఎరుగుతారు. వాళ్ల పాపాలను ఆయన ఇక జ్ఞాపకం చేసుకోడు. మన జిల్లాల్లో రాతి మీద రాయడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బేతంచర్ల నాపరాయి మీద, కడప బండ మీద చెక్కిన అక్షరం మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. కానీ ఆ అక్షరం చదివి మారడం రాయి చేతిలో లేదు. అందుకే చెక్కే చోటు మార్చాడు దేవుడు.

ఇప్పుడు ఆఖరి భోజనం. ఆ రాత్రి మాటల్ని మొదట కాగితం మీద పెట్టింది సువార్తలు కాదు, పౌలు. క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఉన్నాయి. యేసు గిన్నె ఎత్తి తన రక్తము వలననైన క్రొత్త నిబంధన అన్నాడు. 'నిబంధన రక్తం' మోషే మాట. 'క్రొత్త' యిర్మీయా మాట. 'పాపక్షమాపణ నిమిత్తము' అని మత్తయి చేర్చినది కూడా యిర్మీయా వాగ్దానమే. సీనాయి కొండనూ, కూలిన యెరూషలేమునూ, రేపు ఉదయం తనకు జరగబోయేదాన్నీ ఒక్క గిన్నెలో పోసి శిష్యుల చేతికిచ్చాడు. రెండో ప్రశ్నలో లంకె ఏమిటన్నారే, లంకె అంతా ఇక్కడే ఉంది.

నా వృత్తికి దగ్గరైనది హెబ్రీ 9:16-17. అక్కడ మన తెలుగు బైబిలు అకస్మాత్తుగా 'నిబంధన' వదిలేసి 'మరణశాసనము' అంటుంది. చదివేవాళ్లు తికమక పడతారు. గ్రీకులో రెండూ ఒకటే మాట, 'దియాథేకే'. మామూలు గ్రీకు వాడుకలో దానికి వీలునామా అని అర్థం. హెబ్రీ లేఖనాలను గ్రీకులోకి తెచ్చినవాళ్లు 'బెరీత్'కు ఈ మాటే వాడారు. సమానులు కూర్చుని మాట్లాడుకునే ఒప్పందానికి 'సున్‌థేకే' అని వేరే మాట ఉన్నా పక్కన పెట్టారు. ఎందుకో ఆలోచిస్తే అర్థమవుతుంది. వీలునామాలో బేరం ఉండదు. ఇచ్చేవాడు ఇస్తాడు, తీసుకునేవాడు తీసుకుంటాడు.

వీలునామా ఎట్లా పనిచేస్తుందో చెప్తాను. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరు సాక్షులుండాలి. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. రాసినవాడు బతికున్నన్నాళ్లు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన ఏడేళ్లలో నాలుగుసార్లు రాయించాడు. పెద్దకొడుకు మీద అలిగితే చిన్నోడి పేర, చిన్నకోడలు అన్నం సరిగా పెట్టలేదని మళ్లీ పెద్దోడి పేర. ప్రతిసారీ 'ఇదే నా కడపటి వీలునామా, ఇంతకుముందు రాసినవన్నీ రద్దు' అని రాసేవాణ్ణి. ఆ కొడుకులు తండ్రి ముఖం చూసి బతికేవాళ్లు. ఈరోజు ఆయన మనసు ఎట్లుందో అని భయం. ఆయన పోయిన రోజు నుంచి ఆ భయం లేదు. ఆ కాగితంలో ఒక అక్షరం మార్చగల చెయ్యి ఇక ఈ లోకంలో లేదు.

చాలామంది విశ్వాసులు ఆ కొడుకుల మాదిరే బతుకుతున్నారు. ఈ వారం ప్రార్థన సరిగా చేయలేదు, దేవుడు వీలునామా మార్చేస్తాడేమో అని. హెబ్రీ పత్రిక చెప్పేది: రాసినవాడు చనిపోయాడు. శాసనం చెల్లింది. మన ఎగుడుదిగుళ్లను బట్టి తిరగరాసే దశ దాటిపోయింది. అంతకంటే మేలైన సంగతి ఇంకొకటి. మామూలుగా వీలునామా రాసినవాడు తన ఆస్తి ఎవరికి చేరిందో చూడలేడు, అమలు వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. ఇక్కడ రాసినవాడే మూడో రోజున లేచి తనే పంచిపెడుతున్నాడు. అటువంటి దస్తావేజు నేను ఒక్కటి కూడా రాయలేదు, ఎవరూ రాయలేరు.

ఒక మాట చెప్పాలి. ఆ రెండు వచనాల్లో ఉన్నది వీలునామా కాదు, అక్కడా నిబంధనే, కోసిన జంతువుల మరణం గురించే చెప్తున్నాడు అనే పండితులు ఉన్నారు. వాళ్ల వాదనకూ బలముంది. ఎట్లా చదివినా మరణం దగ్గరే నిబంధన స్థిరపడిందన్న సంగతి మారదు.

సిలువ మరణాన్ని వివరించే పద్ధతులు సంఘ చరిత్రలో చాలా వచ్చాయి. 11వ శతాబ్దపు అన్సెల్ము దేవుని ఘనతకు జరిగిన లోటు తీర్చడం అన్నాడు. 12వ శతాబ్దపు అబెలార్డు మన గుండెను కరిగించే ప్రేమ అన్నాడు. 16వ శతాబ్దపు సంస్కర్తలు మన శిక్షను ఆయన మోయడం అన్నారు. తొలి సంఘ పితరుల్లో మరణం మీద, సాతాను మీద విజయం అన్న ధోరణి బలంగా ఉంది. ఒకదాన్ని పట్టుకుని మిగతావాటిని తోసేయకండి. సంఘాలు ఆరాధనలో చెప్పుకునే నీకయ విశ్వాసప్రమాణం కూడా 'మన కొరకు' అని మాత్రమే చెప్పి ఆగింది.

పాత నిబంధన కొట్టేసినట్టేనా అంటే, దస్తావేజు రద్దు చేసినట్టు కాదు. హెబ్రీ 8:13 దాన్ని పాతగిలినది అంటుంది. జంతుబలులు, యాజక క్రమం నెరవేరి ముగిశాయి. యేసు తన్ను తాను ఒక్కసారే అర్పించుకున్నాడు కాబట్టి మళ్లీ అవసరం లేదు. కానీ ఆ గ్రంథాన్ని పక్కన పడేస్తే గిన్నెలో ఉన్నదేమిటో అర్థమే కాదు. 2వ శతాబ్దంలో మార్కియోను అనే అతను పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అంటే రోము సంఘం అతన్ని వెలివేసింది. ఇంకో సంగతి, యూదులను దేవుడు విడిచిపెట్టాడని ఎవరైనా అంటే రోమా 11:29 చూపించండి.

యిర్మీయా వాగ్దానం ఇశ్రాయేలు వంశస్థులతో గదా, కడపలో ఉన్న మనం ఎట్లా చేరినాం? ఎఫెసీ 2లో దీనికి జవాబుంది, నిబంధనలు లేని పరజనులను క్రీస్తు రక్తం దగ్గరికి తెచ్చిందని. నాకు మాత్రం ఇది మా జేజి, అంటే మా అవ్వ, నేర్పింది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1822లో కడపకు వచ్చారు. మా ముత్తాతల కాలంలో మా పల్లె పల్లే విశ్వాసంలోకి వచ్చింది. మా ఇళ్లు ఊరి బయట ఉండేవి. టీ అంగట్లో మాకు వేరే గ్లాసు, అది కూడా బయట చూరులో చెక్కి ఉండేది. మేమే కడుక్కుని మేమే పెట్టాలి. అట్లాంటి రోజుల్లో గుడిలో దొరలూ, మా వాళ్లూ ఒకే గిన్నెలో తాగినారు. మా జేజికి చదువు రాదు. నిబంధన అంటే ఏంది జేజీ అని అడిగితే చెప్పింది: "మనం ముట్టిన గిన్నె ఎవురూ ముట్టుకోరు నాయనా. ఆయప్ప తను తాగిన గిన్నె మన చేతికిచ్చినాడు." యేసు 'గవిని వెలుపట' శ్రమపడ్డాడని హెబ్రీ 13:12లో చదివినప్పుడు ఊరి బయట బతికినవాళ్లకు వ్యాఖ్యానం అవసరం లేదు.

మన సీమలో ఇంకో సంగతి మాట్లాడకుండా ఉండలేను. రక్తం మాట్లాడుతుందని మనకు తెలుసు. అన్న చేతిలో చచ్చిన హేబెలు రక్తం నేలలో నుంచి మొర పెట్టిందని ఆదికాండం 4:10 అంటుంది. అది అడిగేది పగ. హెబ్రీ 12:24 యేసు రక్తం హేబెలు రక్తం కంటే శ్రేష్ఠంగా పలుకుతుంది అంటుంది. పెన్న ఒడ్డున ఒక పల్లె నుంచి ఒక పిల్లోడు నా క్లాసుకు వచ్చేవాడు. వాడి చిన్నాయనను పొలం తగాదాలో చంపినారు. చంపినవాళ్లూ మా సంఘంలోనివాళ్లే. ఒక ఆదివారం నన్ను అడిగాడు, "సార్, ఆ ఇంటోళ్లు తాగే గిన్నెలోనే నేనూ తాగాల్నా?" నేను సమాధానం వెతుక్కుంటుంటే వాడే మళ్లీ, "తాగితే మా చిన్నాయన రక్తం ఏమైనట్టు?" అన్నాడు.

నేను చెప్పింది ఇది: మీ చిన్నాయన రక్తం ఏమీ కానట్టు కాదు. కేసు కోర్టులో నడవనీ, న్యాయం జరగనీ, దాన్ని ఆపమని ఎవరూ అనరు. కానీ ఇంకో రక్తం కావాలని నీలో మొర పెడుతున్నది ఏదుందో, దానికి ఆ గిన్నె జవాబు. చిందాల్సిన చివరి రక్తం అందులో ఉంది. వాడు ఒప్పుకోలేదు. రెండేళ్లు బల్లకు రాలేదు. నేను బలవంతం చేయలేదు. తర్వాత ఒక శ్రమల శుక్రవారం, ఏడు మాటల ఆరాధనలో వెనక బెంచీలో కూర్చున్నాడు. ఈస్టరుకు బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ రెండు ఇళ్లకు ఇప్పటికీ మాటల్లేవు. కానీ ఒకే వరుసలో మోకరిస్తారు. అంతకంటే ఎక్కువ జరిగిందని చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు, జరిగినంత మాత్రం చిన్నది కాదు.

ఇప్పుడు మీ అమ్మగారు. ఆవిడ భయానికి మూలం 1 కొరింథీ 11:27 అయి ఉంటుంది, 'అయోగ్యముగా' తింటే అపరాధి అవుతాడని. ఆ మాటను జాగ్రత్తగా చదవండి. 'అయోగ్యుడు తింటే' అనలేదు, 'అయోగ్యముగా తింటే' అన్నాడు. అది తినే మనిషి గురించి కాదు, తినే తీరు గురించి. పైన 21, 22 వచనాలు చూస్తే కొరింథులో ఏం జరిగిందో తెలుస్తుంది. ఉన్నవాళ్లు ముందే తిని మత్తెక్కేవాళ్లు, లేనివాళ్లు ఆకలితో నిలబడేవాళ్లు. పౌలు తిట్టింది బీదవాణ్ణి బంతిలోంచి లేపినవాళ్లను. మీ అమ్మగారిలాంటి వాళ్లను కాదు. తను తగినదాన్ననుకుని వచ్చేవాళ్ల కోసం ఆ బల్ల వేయలేదు.

పాస్టరు గారితో ముందు ఒకసారి మాట్లాడించండి, ఆరేళ్ల వెనక ఏదో ఒక మాట ఆవిడను గుచ్చి ఉంటుంది, అది బయటికి రావాలి. వచనాలతో ఆవిడను ఓడించాలని చూడకండి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని లూకా 22వ అధ్యాయం గట్టిగా చదవండి, 14వ వచనం నుంచి 34 దాకా. గిన్నె ఇచ్చిన వెంటనే, తనను అప్పగించేవాడి చెయ్యి తనతోపాటు బల్ల మీదే ఉందంటాడు యేసు. ఇంకొంచెం కిందికి వస్తే, కోడి కూయకముందే తన్ను ఎరగనని మూడుసార్లు అంటాడని పేతురుకు చెప్తాడు. గిన్నె అందించేటప్పటికే ఆయనకు ఆ సంగతి తెలుసు.